కారు అడుగున తుప్పు: ఇంటివద్దనే నివారణ

కోలారు జిల్లాకు సముద్రపు ఉప్పుగాలి సోకదు. అయినను ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెలలో తిరిగే పాత కార్ల అడుగుభాగం తుప్పు పడుతూనే ఉంటుంది. చక్రాల పైనున్న గూళ్ళలో పేరుకొనే మట్టి ఎండకాలంలోనూ లోపల తడిని వదలదు. కె.జి.ఎఫ్.లో గనులు 2001లో మూతపడినా సైనైడ్ దిబ్బలు మిగిలాయి. వాటి సన్నని దుమ్ము తడి ఇనుముకు అంటుకొని అదే కీడు చేస్తుంది.

కార్తీకపు వానలు వెలిసిన పిమ్మట ఈ పని పెట్టుకొనుట మేలు. మట్టిని నీటి ధారతో కడిగి, తలుపుల అడుగునున్న రంధ్రాలను పుల్లతో తెరిచి, రెండు రోజులు ఆరనివ్వాలి. జాకీ ఒక్కదానినే నమ్మి కారు కిందికి దూరరాదు. అది జారితే ప్రాణాలకే ముప్పు. గట్టి సమతల నేలపై స్టాండ్లు నిలిపి, నేలనున్న చక్రాలకు రాళ్ళు అడ్డు పెట్టాలి. కళ్ళద్దాలు ధరించి, తుప్పును తీగల బ్రష్షుతో గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పూయాలి. అది ఆరాక అండర్‌బాడీ కోటింగు. సైలెన్సరుకు, బ్రేకు భాగాలకు అది తగలరాదు, రంధ్రాలు మూసుకుపోరాదు. తుప్పుపైనే పూసినచో లోలోపల రేకును తినడం ఆగదు.

కొందరు వాడిన ఇంజనాయిలు పూస్తారు. ఖర్చు లేదన్నది నిజమే, కాని రబ్బరు బుష్షులు ఉబ్బి చెడతాయి, కారిన నూనె నేలలో ఇంకుతుంది. స్క్రూడ్రైవరు మొనతో నొక్కినప్పుడు రేకు లోనికి దిగితే ఏ పూతయైనా దండగే. వెల్డింగు తెలిసినవారికి చూపించవలసిందే.