ఒకే పేరు, వేర్వేరు వ్యాధులు: రొమ్ము కాన్సర్ చికిత్సలో గ్రాహకాల పాత్ర

మలేరియాకు ఒక మందు, క్షయకు మరొక మందు అని చెప్పుకోవడం మనకు అలవాటు. ఆ అలవాటు చొప్పుననే రొమ్ము కాన్సర్‌కు మందు ఏది అని కూడా అడుగుతాం. కాని ఈ ప్రశ్నకు వైద్యుడు వెంటనే సమాధానం చెప్పడు. ముందుగా గడ్డలోని చిన్న ముక్కను తీసి పరీక్షకు పంపుతాడు. ఆ కణాలలో ఏ గ్రాహకాలు ఉన్నవో తెలిసిన తరువాతనే చికిత్స నిర్ణయమవుతుంది. చూడడానికి స్వల్పంగా కనిపించే ఈ పరీక్ష వెనుక అనేక దశాబ్దాల పరిశోధన కలదు. దానికి పునాది వేసినవారిలో అమెరికాకు చెందిన రసాయన శాస్త్రవేత్త ఎల్వుడ్ జెన్సెన్ (1920–2012) అగ్రగణ్యులు.

జెన్సెన్‌కు పూర్వమే ఈ వ్యాధికీ, స్త్రీ శరీరంలోని హార్మోనులకూ సంబంధమున్నదని వైద్యులు గ్రహించారు. గ్లాస్గో నగరానికి చెందిన జార్జి బీట్సన్ అనే శస్త్రవైద్యుడు వ్యాధి ముదిరిన స్త్రీలకు అండాశయాలను తొలగించగా, కొందరిలో రొమ్ములోని గడ్డలు కరిగిపోయాయి. ఈ సంగతిని ఆయన 1896లో ప్రకటించారు. అండాశయాలు స్రవించే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఆ గడ్డలకు పోషణ కల్పిస్తున్నదని తరువాత తెలిసింది. 1950 దశాబ్దం ఆరంభంలో చికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ హగ్గిన్స్, మూత్రపిండాలపై ఉండే అధివృక్క గ్రంథులను సైతం తొలగించే చికిత్సను ప్రవేశపెట్టారు. అది చిన్న శస్త్రచికిత్స కాదు. ఆ గ్రంథులు కోల్పోయిన రోగి జీవితాంతం మందులపై ఆధారపడవలసిందే. ఇంత బాధకు ఓర్చినా మేలు పొందినవారు కొందరే. తక్కిన వారు నిష్ప్రయోజనంగా ఆ కష్టాన్ని అనుభవించారు. ఎవరికి మేలు జరుగుతుందో ముందుగా తెలుసుకొనే ఉపాయం ఆనాడు లేదు.

ఆ ఉపాయం హగ్గిన్స్ సహచరుడైన జెన్సెన్ చేసిన పరిశోధన నుంచి లభించింది. ఈస్ట్రోజెన్ శరీరంలో ఏయే రసాయనిక మార్పులు పొంది పనిచేస్తున్నదో తెలుసుకోవాలని నాటి శాస్త్రవేత్తలు ఎంజైముల వెంట పడ్డారు. జెన్సెన్ ఈ ప్రశ్నను తిరగవేశారు. హార్మోను కణజాలాన్ని ఏమి చేస్తున్నదని కాక, కణజాలం హార్మోనును ఏమి చేస్తున్నదని ఆయన ఆలోచించారు. హెర్బర్ట్ జాకబ్సన్‌తో కలిసి హార్మోనుకు రేడియోధార్మిక హైడ్రోజన్‌ను గుర్తుగా చేర్చి, అత్యల్ప పరిమాణంలో ఆడ ఎలుకలకు ఎక్కించారు. కండరాలలోను, రక్తంలోను ప్రవేశించిన హార్మోను త్వరలోనే వెళ్ళిపోయింది. గర్భాశయం మాత్రం దానిని పట్టి ఉంచుకొన్నది. పైగా ఆ హార్మోను ఏ మార్పూ చెందకుండా అట్లే ఉన్నది. అనగా, దానిని పట్టుకొనే ప్రత్యేక పదార్థమేదో ఆ కణాలలో ఉన్నదన్నమాట. 1958లో వియన్నా నగరంలో జరిగిన మహాసభలో ఈ ఫలితాన్ని వినిపించినప్పుడు శ్రోతలు అయిదుగురేననీ, వారిలో ముగ్గురు తమ వంతు కోసం వేచివున్న ఇతర వక్తలేననీ ఆయన తరువాతి కాలంలో చెప్పేవారు.

ఆ పదార్థమే గ్రాహకం. ఇది ఒక ప్రోటీను. రక్తంలో ప్రవహించే హార్మోనును తాళపుచెవి అనుకొంటే, గ్రాహకం తాళం వంటిది. తాళపుచెవి ఊరంతా తిరిగినా, దానికి తగిన తాళమున్న తలుపు మాత్రమే తెరుచుకొంటుంది. ఈస్ట్రోజెన్ కణంలోకి చొచ్చుకొనిపోయి, కేంద్రకంలోని గ్రాహకంతో జతపడుతుంది. ఈ జంట డి.ఎన్.ఎ.పై నిలిచి కొన్ని జన్యువులను మేల్కొలుపుతుంది. ఫలితంగా కణం విభజన చెందుతుంది. ఆరోగ్యవంతమైన కణంలో ఇది అదుపులో సాగే కార్యం. కాన్సర్ కణంలో అదే ఆజ్ఞ అదుపు లేని వృద్ధికి తోడ్పడుతుంది.

జెన్సెన్ తన పద్ధతిని రోగుల గడ్డలకు వర్తింపజేశారు. కొన్నింటిలో గ్రాహకం సమృద్ధిగా ఉన్నది. కొన్నింటిలో దాదాపు లేదు. గ్రాహకమున్న వారిలో చాలామందికి గ్రంథుల తొలగింపు మేలు చేయగా, లేనివారికి మేలు కలగడం బహు అరుదు. ఆనాటితో, ఫలించని శస్త్రచికిత్స నుంచి రోగిని కాపాడే మార్గం ఏర్పడింది.

శస్త్రచికిత్స అవసరమే తగ్గించిన మందు టామాక్సిఫెన్. దీనిని 1962లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. సంస్థలో డోరా రిచర్డ్‌సన్ తయారుచేశారు. గర్భనిరోధానికని ఉద్దేశించిన ఆ మందు ఆ పనికి ఉపకరించలేదు. కాని అది తాళంలో దూరి తిరగని తాళపుచెవి వంటిది. రొమ్ము కణంలోని గ్రాహకాన్ని ఆక్రమించి, ఈస్ట్రోజెన్‌కు చోటు లేకుండా చేస్తుంది. క్రెయిగ్ జోర్డన్ మొదలైనవారి కృషి వలన అది కాన్సర్ చికిత్సలో స్థిరపడింది. 1977లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. గ్రాహకమున్న రోగులు అయిదేండ్లు ఈ మాత్ర వాడితే, పదిహేనేండ్లలో రొమ్ము కాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గుతాయని 2011లో వెలువడిన విస్తృత విశ్లేషణ తేల్చింది. గ్రాహకం లేనివారికి దానివలన లాభం లేదని కూడా అదే విశ్లేషణ చెప్పింది.

ఇక కీమోథెరపీ, అనగా రసాయన చికిత్స. దీని చరిత్రలో మన తెలుగువాని పేరు చిరస్మరణీయం. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో సాగించిన కృషి ఫలితంగా ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన ఔషధాలు రూపొందాయి. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్ విభజన చెందే కణానికి డి.ఎన్.ఎ. నిర్మాణాన్ని అడ్డగిస్తుంది. 1976లో మిలాన్ నగర వైద్యుడు జియాన్ని బొనడోన్నా, శస్త్రచికిత్స అనంతరం మెథోట్రెక్సేట్‌తో పాటు మరి రెండు మందులు కలిపి ఇచ్చి, వ్యాధి తిరగబెట్టడం తగ్గుతుందని నిరూపించారు. అయితే ఈ మందులు తాళాన్ని చూసి పనిచేసేవి కావు. వేగంగా విభజన చెందే ప్రతి కణాన్నీ దెబ్బతీస్తాయి. జుట్టు రాలడం, వాంతులు, రక్తకణాలు తగ్గడం ఇందువల్లనే.

గురి చూసి కొట్టే మందు మరొక గ్రాహకం ద్వారా వచ్చింది. హెర్-2 అనే ఈ గ్రాహకం కణం పైపొరలో నాటుకొని ఉంటుంది. ఒక కొస వెలుపల, మరొక కొస లోపల. తోటి గ్రాహకంతో జతకట్టినప్పుడు లోపలి కొస చైతన్యవంతమై, ఒక ప్రోటీను నుంచి మరొక ప్రోటీనుకు వృద్ధి సందేశాన్ని అందిస్తూ కేంద్రకం దాకా చేరుస్తుంది. కొన్ని గడ్డలలో ఈ గ్రాహకపు జన్యువు అనేక ప్రతులుగా పెరిగి, అట్టి రోగులలో వ్యాధి ఉద్ధృతంగా ఉంటుందని 1987లో డెన్నిస్ స్లామన్, ఏక్సెల్ ఉల్రిచ్ తదితరులు ప్రకటించారు. రొమ్ము కాన్సర్లలో ఇవి నూటికి 15 నుంచి 20. ఈ గ్రాహకాన్ని వెలుపలి నుంచి పట్టి బంధించే ట్రాస్టుజుమాబ్ అనే ప్రతిరక్షకానికి 1998లో అమెరికాలో అనుమతి లభించింది. వ్యాధి ఇతర అవయవాలకు వ్యాపించిన రోగులలో, కీమోథెరపీ మాత్రమే పొందినవారి మధ్యస్థ జీవితకాలం 20.3 నెలలు కాగా, ఈ మందు కూడా పొందినవారిది 25.1 నెలలు. తొలిదశ రోగులలో వ్యాధి తిరగబెట్టే అవకాశం దాదాపు సగానికి తగ్గిందని 2005లో వెల్లడయింది. గుండెను బలహీనపరచే గుణం దీనికి ఉన్నందున వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి.

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ గ్రాహకాలు గాని, హెర్-2 ఆధిక్యం గాని లేని గడ్డలు కూడా కలవు. అట్టివారికి కీమోథెరపీయే నేటికీ ప్రధానాధారం. మరొకవైపు, హార్మోను గ్రాహకం ఉండి, హెర్-2 అధికంగా లేక, చంకలోని గ్రంథులకు పాకని వ్యాధిగల పదివేల మందికి పైగా స్త్రీలపై జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. గడ్డలోని జన్యువుల పరీక్షలో మధ్యస్థ ఫలితం వచ్చినవారిలో అధికులకు, ముఖ్యంగా యాభై ఏండ్లు దాటినవారికి, కీమోథెరపీ లేకుండా హార్మోను చికిత్స చాలునని అది తెలియజేసింది. తగిన మందు ఇవ్వడమెంత ముఖ్యమో, అక్కరలేని మందు ఇవ్వకుండా ఉండడం కూడా అంతే ముఖ్యం.

మన దేశంలో స్త్రీలకు వచ్చే కాన్సర్లలో నేడు ఇదే ప్రథమస్థానంలో ఉన్నది. బిడియం చేత గడ్డ సంగతిని దాచుకొనే తల్లులు, అక్కచెల్లెళ్ళు మన ఇళ్ళలో లేకపోలేదు. పట్టణానికి చదువు కోసం వచ్చిన విద్యార్థినీ విద్యార్థులే అనేక కుటుంబాలలో వైద్యుని కాగితం చదివి చెప్పగలవారు. కాబట్టి వారు రెండు విషయాలు జ్ఞాపకం ఉంచుకోవాలి. రొమ్ములో నొప్పిలేని గడ్డ కనిపించినా ఆలస్యం చేయరాదు. వ్యాధి నిర్ధారణ అయినప్పుడు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, హెర్-2 గ్రాహకాల పరీక్ష జరిగినదా అని వైద్యుని వినయంగా అడగాలి. పొరుగింటావిడకు పనిచేసిన మందు మన ఇంటి వారికి పనిచేయకపోవచ్చు. ఆమెకు అవసరమైన కీమోథెరపీ మన వారికి అక్కరలేకపోవచ్చు. వియన్నాలో అయిదుగురు మాత్రమే విన్న ఆ ఫలితం నేడు ప్రతి రోగి కాగితం మీద ఒక పంక్తిగా నిలిచింది. ఆ పంక్తిని చదవగలగడం మన చదువుకు ఒక సార్థకత.