బెర్తు ఒకటే, కౌంటర్లు వేలు

సమాచార సాంకేతికత, అంటే ఐటీ. ఆ మాట వినగానే మనలో చాలామందికి మాదాపూర్ అద్దాల భవనాలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు గుర్తొస్తాయి. ఈ పేరు 1958లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో హెరాల్డ్ లీవిట్, థామస్ విస్లర్ రాసిన వ్యాసంలో వచ్చింది. వాళ్లు దీన్ని చాలా విశాలంగా చూశారు. బోలెడంత సమాచారాన్ని వేగంగా లెక్కగట్టడం, గణితం సాయంతో నిర్ణయం తీసుకోవడం, మనిషి ఆలోచనను ప్రోగ్రాములతో అనుకరించడం, ఈ మూడూ అందులో ఉన్నాయి. మూడోదాన్నే ఇవాళ కృత్రిమ మేధ అంటున్నాం.

ఐటీ మన జీవితంలో ఎలా పనిచేస్తుందో రైలు రిజర్వేషన్‌లో బాగా తెలుస్తుంది. ఒకప్పుడు బెర్తుల లెక్క రిజిస్టర్లలో ఉండేది. ఏ ఊరి కోటా ఆ ఊరి రిజిస్టర్‌లోనే. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లేవారికి తిరుగు టికెట్ కావాలంటే టెలిగ్రాం కొట్టి జవాబు కోసం చూడాలి. 1980ల నడుమ ఢిల్లీ కౌంటర్లకు కంప్యూటర్లు వచ్చాయి, తర్వాత మిగతా పెద్ద నగరాలకూ వచ్చాయి. అయినా ఏ నగరం లెక్క ఆ నగరానిదే. యంత్రం వచ్చింది గాని సమాచారం కలవలేదు.

ఈ నగరాల లెక్కలను కలపగల కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ను 1994లో మొదట సికింద్రాబాద్‌లోనే అమలుచేశారు. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోసాగాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. మిగిలింది ఒక్క బెర్తు. విజయవాడలో ఒకరు, ముంబయిలో ఒకరు ఒకే క్షణంలో అడిగారు. ఇద్దరికీ ఇస్తే రైల్లో గొడవే. అందుకే బెర్తుల లెక్క ఉన్న డేటాబేస్ (క్రమపద్ధతిలో దాచిన సమాచార భండారం) ముందు చేరిన అభ్యర్థనను తీసుకుని, ఆ బెర్తుకు లాక్ వేస్తుంది. లాక్ అంటే ఒకరి పని ముగిసేదాకా మరొకరిని ఆపే ఏర్పాటు. రెండో వ్యక్తి వెయిటింగ్ లిస్టులోకి వెళతారు. ఎవరైనా టికెట్ రద్దు చేసుకుంటే ఆ జాబితా దానంతటదే ముందుకు జరుగుతుంది. ఇదంతా లిప్తపాటులో జరిగిపోతుంది. నాకైతే ఐటీ అసలు గొప్పతనం ఇందులోనే కనిపిస్తుంది.

అయితే ఇది కొత్త బెర్తును పుట్టించలేదు. ఉన్నదాన్ని ఎవరికివ్వాలో త్వరగా తేలుస్తుంది, అంతే. 2002 నుంచి ఇంటర్నెట్‌లోనూ టికెట్లు దొరుకుతున్నాయి. దాంతో క్యూ స్టేషన్ నుంచి ఇంటికి మారింది. చివరి నిమిషపు తత్కాల్ టికెట్ల బుకింగ్ తెరుచుకునే వేళ మంచి నెట్ ఉన్నవారు ముందుంటారు. కౌంటర్లు తగ్గించాలనే ప్రతిపాదన వచ్చినప్పుడల్లా, ఫోన్ వాడలేని ప్రయాణికులు ఎటుపోతారన్నది ముందుగా అడగాలి.