రోజుకు నాలుగు వాక్యాలు
(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈవేళ మీతో డైరీ గురించి మాట్లాడదామనుకుంటున్నాను. డైరీ అనగానే ఆఫీసులకు వెళ్ళేవారి బల్లమీద ఉండే అట్టపుస్తకమో, కాలేజీ అమ్మాయిలు పరుపుకింద దాచుకునేదో మనకు గుర్తుకు వస్తుంది. కొత్త సంవత్సరానికి ఎవరో ఒకరు ఇంటికి ఒకటి తెచ్చి ఇస్తారు. సరదాపడి జనవరి మొదటివారం రాస్తాం. సంక్రాంతి పనులు మొదలయ్యేసరికి ఆగిపోతుంది. ఉగాది నాటికి అది పాలవాడి లెక్కకూ, చాకలిపద్దుకూ వచ్చేస్తుంది. "ఇంత చాకిరీలో కూర్చుని రాసుకునే తీరిక ఎవరికుందమ్మా?" అంటారు. మాట నిజమే. అందుకని ముందు ఆ తీరిక సంగతే చూద్దాం.

2019లో కేంద్ర ప్రభుత్వంవారు దేశంలో జనం రోజును ఎలా గడుపుతున్నారో లెక్క తీయించారు. ఇంట్లో జీతం బత్తెం లేకుండా వంట, ఊడ్పు, ఉతుకు వంటి పనులు చేసే స్త్రీకి వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు పడుతున్నాయని తేలింది. అంటే ఐదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. అవే పనుల్లో చెయ్యివేసే మగవారికి పట్టేది 97 నిమిషాలు. అలా చెయ్యివేసేవారు కూడా నూటికి 26 మందే. పసిపిల్లల్నీ, మంచాన పడ్డ పెద్దల్నీ చూసుకోవటం ఇందులో కలపలేదు. దాని పద్దు వేరు.

ఈ లెక్క ఎలా తీశారో వింటే మీకు సరదాగా ఉంటుంది. ముందురోజు తెల్లవారుజామున 4 గంటలనుంచి మర్నాడు 4 గంటలవరకూ అరగంటకొక గడి గీసి, ఏ గడిలో ఏం చేశారని అడిగి రాసుకున్నారు. మొత్తం 48 గళ్ళు. ఒక విధంగా అదీ డైరీయే కదా! మనం చేసే చాకిరీ ఇంత అని ప్రభుత్వానికి తెలియటానికి కూడా ఎవరో ఒకరు కాగితంమీద పెట్టవలసి వచ్చింది. కాగితంమీద పడని పని లెక్కలోకి రాదు.

మీరూ ఒక్కరోజు అలా గళ్ళు గీసి రాసి చూడండి. గంట ఖాళీ ఎక్కడా కనిపించదు. కాని కుక్కరు మూడు కూతలు వేసేదాకా నిలబడ్డ సమయం, పిల్లవాడు ట్యూషను నుంచి వచ్చేదాకా గుమ్మంలో కాచుకున్న సమయం, డాక్టరుగారి వరండాలో వంతుకోసం కూర్చున్న సమయం కనిపిస్తాయి. అవి తీరికలు కావు, పనికీ పనికీ మధ్య ఉన్న సందులు. నాలుగు వాక్యాలు రాయటానికి ఆ సందు చాలు.

మనకంటే ఎక్కువ చాకిరీ చేసి, మనకున్న వసతి ఏదీ లేకుండా రాసినవాళ్ళున్నారు. 1809 ప్రాంతంలో బెంగాలులోని పబ్నా జిల్లాలో రాససుందరీదేవి అనే ఆవిడ పుట్టింది. ఆ ప్రాంతం ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. ఆవిడకు పన్నెండో ఏట పెళ్ళయింది, పన్నెండుమంది పిల్లలు పుట్టారు. ఆడది చదివితే ఇంటికి అరిష్టమనే రోజులవి. పాతికేళ్ళ వయసులో భర్తగారి చైతన్యభాగవతం ప్రతిలోంచి ఒక ఆకు తీసి వంటింట్లో దాచింది. కొడుకు అక్షరాలు దిద్దుకున్న తాటాకు ఒకటి సంపాదించింది. వంట చేసుకుంటూ, ఎవరూ చూడకుండా ఆ రెంటినీ పోల్చుకుంటూ చదవటం నేర్చుకుంది. రాయటం ఇంకా ఎన్నో ఏళ్ళకు గాని రాలేదు. ఊరుగాని ఊళ్ళో చదువుకుంటున్న కొడుకు, తన ఉత్తరాలకు జవాబు రాయమని పట్టుబట్టాక అదీ నేర్చుకుంది. 1876లో ఆవిడ తన జీవితకథ "అమార్ జీబన్" అచ్చువేయించింది. బెంగాలీలో అదే మొదటి ఆత్మకథ అంటారు. ఆనాటి ఇల్లాలి బతుకు ఎలా ఉండేదో మనకు తెలిసింది, ఆవిడ వంటింట్లో దాచిన ఆ ఒక్క ఆకువల్ల.

ఇంకొకావిడ ఇంగ్లండులో సామాన్య గృహిణి. పేరు నెల్లా లాస్ట్. ఓడలు కట్టే బారో పట్నంలో ఉండేది. 1939లో యుద్ధం వచ్చినప్పుడు, సామాన్యుల దినచర్యలు సేకరిస్తున్న ఒక సంస్థకు తన డైరీ పంపడం మొదలుపెట్టింది. అప్పుడావిడకు 49 ఏళ్ళు. రేషను సరుకులతో ఎలా సరిపెట్టిందీ, చిరుగులు ఎలా కుట్టిందీ, యుద్ధంలోకి వెళ్ళిన కొడుకుగురించి పడ్డ బెంగ, మాట్లాడని భర్తతో పడ్డ విసుగు, అన్నీ రాసింది. 1966 దాకా రాస్తూనే ఉంది. 1968లో పోయింది. 1981లో ఆ డైరీలోంచి యుద్ధకాలపు భాగం పుస్తకంగా వచ్చింది. తన రాతను జనం పుస్తకంగా చదువుతారని ఆవిడ చూడనే లేదు.

రేడియోలో మాట్లాడుతున్నాను కనుక ఇంకొక్క సంగతి. ఆన్ ఫ్రాంక్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1942 జూన్ 12న, పదమూడో పుట్టినరోజుకు ఆ పిల్లకు డైరీ బహుమతిగా వచ్చింది. నాజీలకు దొరక్కుండా ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక ఇంటి వెనకభాగంలో దాగి ఉండగా, 1944 మార్చి 28న లండన్‌నుంచి వచ్చే డచ్చి రేడియోలో ఆ దేశపు మంత్రి ప్రసంగం విన్నారు. మీ ఉత్తరాలూ, డైరీలూ జాగ్రత్త చేయండి, యుద్ధమయ్యాక సేకరిస్తామన్నాడు ఆయన. అది విని ఆ అమ్మాయి తన డైరీని మొదటినుంచీ సరిచేసి మళ్ళీ రాయటం మొదలుపెట్టింది. ఆగస్టులో పట్టుబడ్డారు. 1945లో ఆ పిల్ల నిర్బంధ శిబిరంలో చనిపోయింది. 1947లో తండ్రి ఆ డైరీని అచ్చువేయించాడు.

"వాళ్ళ సంగతి వేరు, మా ఇంట్లో రాయటానికేముంది?" అంటారేమో. మన తెలుగువాడే ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసునుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చారు. ఆయన రాసుకున్నదాంట్లో ఎక్కువభాగం ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుంది, దారి ఎలా ఉంది, నీటి వసతి ఉందా లేదా అనే. ఆనాటికి అవన్నీ మామూలు సంగతులే. ఈనాడు అది చరిత్ర. మన బియ్యం ధర, ఇంటద్దె, ఎవరి పెళ్ళికి ఎవరు వచ్చారు, ఏ ఏడు చెరువు ఎండింది అన్నవి కూడా మామూలు సంగతులే. రాసిపెడితే మనవరాళ్ళకు పనికివస్తాయి. వెనక ఇన్‌లాండు కవరు నిండా అమ్మకో, అక్కకో రాసేవాళ్ళం. అదొక రకం డైరీ. ఇప్పుడు అన్నీ ఫోనులో చెప్పేసుకుంటున్నాం, చెప్పుకున్నది గాలిలో కలిసిపోతోంది.

మా అత్తగారికి చదువు రాదు. ఆవకాయ కలిపేటప్పుడు ఆవపిండి, కారం, ఉప్పు పాళ్ళు చేత్తోనే తూచేది. ఒక వేసవిలో ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ గుప్పిట్లోది గిన్నెలో పోయించి, కొలిచి, తేదీ వేసి రాసుకున్నాను. ఆవిడ పోయారు. ఇప్పుడు మా పిల్లలు అడిగినా, చుట్టుపక్కలవాళ్ళు అడిగినా ఆ కాగితమే చూస్తాను.

ఇక ఏం రాయాలి, ఎలా రాయాలి అన్నది చెబుతాను. పెద్ద డైరీ కొనవద్దు. పేజీకొక తేదీ అచ్చువేసిన డైరీలో నాలుగురోజులు రాయకపోతే నాలుగు తెల్లకాగితాలు మనల్ని వెక్కిరిస్తాయి. వంద పేజీల నోటుబుక్కు చాలు. రాసినరోజు తేదీ, సంవత్సరంతో సహా, మనమే వేసుకోవాలి. పదిరోజులు రాయకపోతే పదకొండో రోజునుంచి రాయండి. వెనకటిది పూడ్చాలని కూర్చుంటే ముందుకు సాగదు.

రోజుకు నాలుగు వాక్యాలు చాలు. ఒకటి ఆరోజు జరిగినది. ఒకటి ఖర్చో, ధరో. ఒకటి ఇంట్లోవారి ఒంటి సంగతి. నాలుగోది మాత్రం మీ సొంతం. మీరు విన్న మాట, చదివిన కథ, మనసులో కలుక్కుమన్నది, పెరట్లో పూసిన పువ్వు, ఏదైనా సరే. మొదటి మూడూ ఇంటికోసం, నాలుగోది మీకోసం. పనుల ఒత్తిడిలో ముందు మానేసేది ఈ నాలుగోదే. కాబట్టి దాన్నే ముందు రాయండి.

ఒంటి సంగతి ఎందుకన్నానంటే, డాక్టరుగారు ముందు అడిగేవి తేదీలే. జ్వరం ఎప్పుడు మొదలైంది, ఏ మందు ఎన్నిరోజులు వాడారు అంటే మనం పండగల్ని బట్టి గుర్తు చెబుతాం. గర్భిణికి కాన్పు రోజు లెక్కగట్టేది చివరి బహిష్టు మొదటిరోజునుంచి 280 రోజులకు. పసివాడికి ఆరు, పది, పధ్నాలుగు వారాలకు టీకాలు వేయించాలి. తలనొప్పి తరచుగా వచ్చేవారు ఏరోజు వచ్చింది, అంతకుముందు ఏం తిన్నారు, నిద్ర ఎంత అని రాసుకుంటే వైద్యానికి దారి దొరుకుతుంది. నా ఈడువాళ్ళకు ముఖ్యంగా చెబుతున్నాను. బహిష్టులు ఆగి ఏడాది గడిచాక మళ్ళీ రక్తం కనిపిస్తే, ఒక్క చుక్కయినా సరే, డాక్టరుకు చూపించి తీరాలి. ఏడాది అయిందా లేదా అన్నది తేదీ రాసుకున్నవారికే గట్టిగా తెలుస్తుంది.

మనసు సంగతి కూడా ఉంది. అమెరికాలో పెన్నిబేకర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కొందరు కాలేజీ విద్యార్థులచేత వరసగా నాలుగురోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమను బాధపెట్టిన సంగతులు రాయించాడు. 1986లో ఆ ఫలితాలు వెల్లడించాడు. రాసినరోజు వాళ్ళకు దిగులు ఎక్కువయింది. కాని జరిగిందీ, దానికి తమ మనసు ఎలా ఉందీ రెండూ కలిపి రాసినవాళ్ళు తరువాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్ళారు. తరువాత ఎందరో చేసిన పరిశోధనల్లో ఫలితం అంత పెద్దగా కనిపించలేదు, అందరికీ ఒకేలాగానూ లేదు. అందుచేత రాత సర్వరోగ నివారిణి అని నేననను. రాస్తుంటే దిగులు రోజురోజుకీ పెరుగుతోందనిపిస్తే పుస్తకం మూసి, మనిషితో మాట్లాడండి, డాక్టరుకు చెప్పండి.

అన్నిటికంటే పెద్ద సందేహం, "ఎవరైనా చదివితే?" అన్నది. ఈ భయం మగవారికీ ఉండేది. మూడువందల యాభై ఏళ్ళ కిందట లండన్‌లో శామ్యూల్ పెపిస్ తన డైరీని చాలామటుకు షార్టుహాండులో రాసుకున్నాడు. మనకు షార్టుహాండు అక్కర్లేదు. మనుషుల పేర్లు రాయకుండా మొదటి అక్షరం వేసుకోవచ్చు. కోపంగా ఉన్నప్పుడు రాసింది విడికాగితంమీద రాసి చింపేయవచ్చు. ఇంట్లోవారికి మాత్రం ఒక మాట మెత్తగానే చెప్పి ఉంచండి, ఒకరి ఉత్తరంలాగే ఒకరి డైరీ కూడా అడగకుండా తెరవకూడదని. పిల్లల నోటుబుక్కుల విషయంలో మనమూ ఆ మర్యాద పాటిస్తేనే ఈ మాట చెల్లుతుంది.

ఇంట్లో దెబ్బలు తింటున్న సోదరి ఎవరైనా వింటుంటే ఒక్కమాట. తేదీ, వేళ, ఏం జరిగింది, ఎక్కడ గాయమైంది, ఎవరు చూశారు, ఇంతవరకు రాసిపెట్టుకో అమ్మా. ఆ కాగితం ఇంట్లో ఉంచకు, నమ్మకమైన వారి దగ్గర ఉంచు. 2005లో వచ్చిన గృహహింస చట్టం కింద ఫిర్యాదు చేయవలసి వస్తే ఆ తేదీలు నీకు తోడవుతాయి. సాయానికి 181 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఇప్పుడు చాలామంది సెల్‌ఫోనులోనే రాసుకుంటున్నారు. తప్పులేదు. చేతిలో ఉంటుంది కాబట్టి బస్సులోనూ రాయవచ్చు. తెలుగు టైపు చేయటం రానివారు మాట్లాడి రికార్డు చేసుకోవచ్చు. అమ్మమ్మలచేత చెప్పించటానికి అది మరీ మంచిది. కాని ఫోను పోతే రాతా పోతుంది. నెలకొకసారి ముఖ్యమైనవి కాగితంమీదికి ఎత్తుకోండి. కాగితంమీద బాల్ పెన్నుతో రాయండి, తడి తగిలినా తొందరగా అలుక్కుపోదు. నిండిన పుస్తకాలను చెమ్మ తగలనిచోట, పై అరలో ఉంచండి. అటకమీద చెదలు ఉంటాయి.

వేళ విషయంలో ఒకరి పద్ధతి ఇంకొకరికి కుదరదు. నేను రాత్రి పాలు తోడుపెట్టాక, స్టౌ గట్టుమీదే పుస్తకం పెట్టుకుని రాస్తాను. తెల్లవారుజామున లేచేవారికి కాఫీ వేళ బాగుంటుంది. ఉద్యోగాలు చేసే అమ్మాయిలకు మధ్యాహ్నం భోజనం అయ్యాక అయిదు నిమిషాలు దొరకవచ్చు. రోజూ చేసే ఏదో ఒక పనికి దాన్ని ముడిపెట్టుకోండి. దీపం పెట్టటం మరచిపోనట్టే అదీ అలవాటవుతుంది. భాష బాగుండాలనీ, దస్తూరీ ముత్యాలకోవలా ఉండాలనీ చూసుకోవద్దు. ఇది పరీక్ష పేపరు కాదు.

రేషను కార్డులోనూ, బ్యాంకు ఫారంలోనూ వృత్తి అన్నచోట మనం "గృహిణి" అని ఒక్కమాట రాసి ఊరుకుంటాం. ఆ ఒక్కమాట వెనక ఏముందో రాయగలవారు మనమే. ఇవాళ రాత్రికే పిల్లల పాత నోటుబుక్కులో మిగిలిన తెల్లకాగితాలు నాలుగు కుట్టుకుని మొదలుపెట్టండి. పైన తేదీ వేయటం మాత్రం మరచిపోకండి.