5.4 తీవ్ర తరంగ బలాలు – కంప్యూటర్ అనుకరణ

తేలియాడే తరంగ విద్యుత్ పరికరం సంవత్సరమంతా పనిచేసేది మామూలు తరంగాలపైనే. కాని అది నిలుస్తుందో లేదో తేల్చేది కొద్ది గంటల తుపాను. 1995 జనవరి 1న ఉత్తర సముద్రంలోని డ్రాప్నర్ వేదిక వద్ద సుమారు 25.6 మీటర్ల తరంగం నమోదైంది. అప్పటి సార్థక తరంగ ఎత్తు, అంటే అన్నిటికన్నా పెద్దవైన మూడోవంతు తరంగాల సగటు ఎత్తు, దాదాపు 12 మీటర్లే. కాబట్టి సగటును నమ్మి రూపకల్పన చేయరాదు.

రేఖీయ సిద్ధాంతం ప్రకారం తరంగ ఎత్తు రెట్టింపయితే బలమూ రెట్టింపవుతుంది. ఇది చిన్న తరంగాలకు, స్వల్ప కదలికలకు సరిపోతుంది. విరిగిపడే తరంగం కొట్టే దెబ్బకు ఇందులో చోటు లేదు. అందుకే నేవియర్–స్టోక్స్ సమీకరణాలను కంప్యూటర్‌తో ఇలా సాధిస్తారు:

1. పరికరం చుట్టూ ఉన్న నీటిని, గాలిని చిన్న గడులుగా విభజిస్తారు.
2. ప్రతి గడిలో నీటి వంతును 0 నుంచి 1 వరకు లెక్కించి, నీటి ఉపరితలాన్ని గుర్తిస్తారు.
3. వేర్వేరు పౌనఃపున్యాల తరంగాల శిఖరాలు ఒకే చోట, ఒకే క్షణంలో కలిసేలా చేసి తీవ్ర తరంగాన్ని సృష్టిస్తారు. దీనితో గంటల తుపానంతటినీ లెక్కించే శ్రమ తగ్గుతుంది.
4. పరికరం ఉపరితలంపై పీడనాన్ని, ఘర్షణను సమాకలనం చేసి బలాన్ని, దాని నుంచి కదలికను రాబడతారు.

సడలిన లంగరు తాడు ఒక్కసారిగా బిగుసుకుంటే కుదుపు బలం పుడుతుంది. తరంగం వచ్చే క్షణాన పరికరం ఏ స్థితిలో ఉందన్నదానిపై ఇది ఆధారపడుతుంది. కాబట్టి అతిపెద్ద తరంగమే అతిపెద్ద తన్యతను ఇవ్వాలని లేదు. పలు తరంగాలతో పరీక్షించాలి. గడుల పరిమాణం తగ్గించినా ఫలితం మారకూడదు. తరంగ తొట్టి ప్రయోగాలతోనూ సరిపోలాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: తీవ్ర తరంగాలకు రేఖీయ సిద్ధాంతం ఎందుకు చాలదు?