అడుగంటని పాకము

బ్రిటనులో 1963లో లైసెన్సు నిబంధన తొలగినది మొదలు పెక్కుమంది ఇంటనే బీరు కాచుకొనుచున్నారు. మొలకెత్తిన బార్లీనుండి తీసిన తియ్యని రసమును చిక్కబరచినదే మాల్టు పాకము. ఇది నీటికంటె సుమారు 1.4 రెట్లు బరువు. విద్యుత్ కెటిలులో పోసినంతనే అడుగునకు దిగి వేడి గొట్టమును అంటుకొనును. అచట నీరు తిరుగాడదు. వేడి తరలిపోవు దారి లేక గొట్టపు ఉష్ణోగ్రత 100 డిగ్రీలను ఎంతో మించును, చక్కెర మాడును. ఆ మాడువాసన ఇక బీరును వదలదు. కనుక ముందు స్విచ్చి ఆపి, పాకమును సన్నధారగా పోసి, అడుగునుండి కలిపి, పూర్తిగా కరగిన పిదపనే మరల వేడిచేయవలెను. మరుగు వచ్చునపుడు మాంసకృత్తుల నురుగు పాలవలెనే పొంగును, ప్రక్కనుండి కదలరాదు. సగము పాకమును చివరి పది నిమిషములకు దాచినచో రంగు అంతగా ముదరదు. చక్కెరలు, అమినో ఆమ్లములు వేడికి కలిసి గోధుమవర్ణమిచ్చు ఈ చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్ వివరించెను. రొట్టె పైపొర ఎర్రబడుటయు దీనివల్లనే.