రెండు రెడ్డిలు, ఒకే దస్తూరీ

ఒక కాగితం మీద 'కామారెడ్డి' అనీ, దాని కింద 'ఎల్లారెడ్డి' అనీ రాయండి. రెండు పేర్ల చివర ఉన్న 'రెడ్డి'ని పోల్చి చూడండి. ఒకచోట గుడి కాస్త పెద్దదైంది, మరొకచోట ఒత్తు పక్కకు జరిగింది! చేతిరాత అంటే అదే మరి.

ఇప్పుడు ఆ పేర్లనే కంప్యూటరులో 'లక్కిరెడ్డి' ఫాంటుతో కొట్టండి. (ఇందులోనూ ఒక రెడ్డి!) అప్పాజీ అంబరీష దర్భా 2013లో రూపొందించగా, సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా అందించిన ఈ అక్షరాలు తీరిగ్గా చేత్తో రాసినట్లే ఉంటాయి. కాని రెండు 'రెడ్డి'లూ అచ్చుగుద్దినట్లు ఒకటే! ఎందుకని?

'రెడ్డి' అంటే కంప్యూటరుకు ఆరు సంకేతాలు: ర, ఎత్వం, డ, పొల్లు, మళ్ళీ డ, గుడి. వాటి వరుసను బట్టి ఫాంటు తనలో దాచుకున్న బొమ్మలను పేరుస్తుంది. పొల్లు కంటికి కనబడదు. దాని వెనుక వచ్చిన డ ఒత్తుగా మారి కిందికి దిగుతుంది. సంకేతాలు అవే అయినప్పుడు బొమ్మలూ అవే.

శుభలేఖకు, గోడపత్రికకు, మీ బడి పత్రికలో శీర్షికకు ఇది ముచ్చటగా ఉంటుంది. పాఠమంతా ఇందులోనే అచ్చువేస్తే మాత్రం కళ్ళు అలసిపోతాయి. ఇక బస్సు బోర్డుకా? వద్దనే నా సలహా. కామారెడ్డి బస్‌స్టాండులోకి పరుగెత్తుకొచ్చిన ప్రయాణికుడికి చివరనున్న 'రెడ్డి'తో పనిలేదు. బస్సు కదిలేలోగా దూరం నుండే 'ఎల్లా' స్పష్టంగా కనబడాలి.