బాపమ్మ మెదడుకు గవ్వలాట

పిల్లలూ! నాలుగు గవ్వలు విసిరితే నాలుగూ వెల్లకిలా పడ్డాయి. ఎన్ని? చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే? అష్టా, అంటే ఎనిమిది. ఈ లెక్క మీకు నేర్పింది పాఠ్యపుస్తకం కాదు, ఇంట్లోని పెద్దవాళ్లే. మా లక్సెట్టిపేట వంటి గోదావరి తీరపు ఊళ్లలో సుద్దముక్కతో 25 గళ్లు గీస్తే చాలు, అష్టాచెమ్మ మొదలయ్యేది.

ఈ ఆటకూ సైన్సుకూ సంబంధమేమిటంటారా? బాపమ్మ గవ్వలు విసరగానే ఆమె మెదడుకు ఎన్ని పనులో చూడండి. పడిన గవ్వలు లెక్కించాలి. ఏ కాయ జరపాలో తేల్చుకోవాలి. ఎదుటివారి కాయ ఎన్ని గళ్ల వెనుక ఉందో గమనించాలి. ఇవన్నీ ఒకేసారి మనసులో పట్టి ఉంచడంలో నుదుటి వెనుకనున్న మెదడు భాగానిది ముఖ్యపాత్ర. వయసు పెరిగేకొద్దీ ఈ పని కొంత నెమ్మదిస్తుంది. అది సహజమే. కాని కొందరిలో రోజువారీ పనులు కూడా చేసుకోలేనంతగా జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణిస్తాయి. దీన్ని డిమెన్షియా అంటారు. ఇది వృద్ధులందరికీ వచ్చేది కాదు, జబ్బు.

ఆటలు ఈ జబ్బును ఆపగలవా? న్యూయార్కులో 75 ఏళ్లు దాటిన 469 మందిని శాస్త్రజ్ఞులు సుమారు ఐదేళ్లు గమనించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. 124 మందికి డిమెన్షియా వచ్చింది. చదవడం, గళ్ల పలకపై ఆడే ఆటలు, వాద్యాలు, నృత్యం అలవాటున్నవారిలో అది తక్కువగా కనిపించింది.

తొందరపడి ఆటే మందు అనకండి! జబ్బు మొదలవుతున్నవారే ముందుగా ఆట మానేసి ఉండవచ్చు కదా? ఆ అనుమానం పరిశోధకులకూ వచ్చింది. అటువంటివారిని తీసివేసి మళ్లీ లెక్కకట్టారు. అప్పుడూ తేడా నిలిచింది. అయినా రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని రుజువైనట్లు కాదు.

మన హైదరాబాదులోని నిమ్స్ ఆస్పత్రిలో 648 మంది డిమెన్షియా రోగులపై జరిగిన పరిశోధన 2013లో వెలువడింది. ఒకే భాష వచ్చినవారికంటే, రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. బడిముఖం చూడనివారిలోనూ ఈ తేడా కనిపించింది! జీవితమంతా పని చెప్పిన మెదడు కొంత బలాన్ని కూడబెట్టుకుంటుందని శాస్త్రజ్ఞుల భావన. గరిసె నిండా వడ్లున్న ఇంటికి కరువు ఆలస్యంగా తెలిసినట్టన్నమాట.

కనుక ఈ నెల మీరొక పని చేయండి. రోజూ బాపమ్మతోనో, తాతతోనో ఒక ఆట ఆడండి. అష్టాచెమ్మ కాకుంటే ఓమనగుంటలు, పులి-మేక. వాళ్లు లెక్క తప్పితే నవ్వకండి, ఆలోచించుకోనివ్వండి. కావాలని ఓడిపోకండి, అప్పుడు మెదడుకు పనేముంటుంది? ఆటతోపాటు మాటలూ సాగుతాయి. ఒంటరితనం కూడా ఈ జబ్బు ముప్పును పెంచుతుంది మరి. అయితే తెలిసిన దారి తప్పుతున్నా, ఇంటివాళ్ల పేర్లు మరచిపోతున్నా ఆటతో సరిపెట్టకండి. అమ్మానాన్నలకు చెప్పి డాక్టరుకు చూపించండి.

గవ్వలు లేవా? చింతగింజలను ఒకవైపు తెల్లగా అరగదీస్తే సరి. ఎలాగో బాపమ్మనే అడగండి. గుర్తు తెచ్చుకుని చెప్పడమూ మెదడుకు పనే!